ఏ దేశమండీ?

అమలాపురంలో ఎలక్ట్రికల్ షాపుకెళ్లి "ఫారిన్ ప్లగ్గు కావాలండీ" అంటే, పని తెలిసిన షాపాయన వెంటనే డబ్బా తీయడు. "ఏ దేశమండీ? ఏం పట్టుకెళ్తున్నారండీ?" అంటాడు. పనితనమంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

కోనసీమ నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లేవాళ్లు ఎక్కువ. అక్కడివి బ్రిటిష్ తరహా సాకెట్లు. ప్లగ్గుకు పలకల్లాంటి మూడు పిన్నులు, లోపలే ఫ్యూజు. పొడుగ్గా ఉండే ఎర్త్ పిన్ను ముందు దూరి లోపలి మూతలు తెరిస్తేనే మిగతా రెండూ దిగుతాయి. వోల్టేజీ దాదాపు మనదే కాబట్టి ఫోన్ ఛార్జరుకు చిన్న అడాప్టర్ చాలు. ఇస్త్రీపెట్టె అన్నారో, ఎర్త్ లేని చవకరకాన్ని ఆయనే వెనక్కి పెట్టేస్తాడు. చేతికొచ్చిన బేరాన్ని అలా వదులుకునే షాపాయనంటే నాకు భలే గౌరవం.

అమెరికా అంటే కథ వేరు. అక్కడ 120 వోల్టులు. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని కాదు. కూతురి కోసం అమ్మ ముచ్చటపడి కొన్న 230 వోల్టుల మిక్సీకి అక్కడ కొబ్బరిపచ్చడి రుబ్బే సత్తువ రాదు. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ మోసుకెళ్లే బదులు అక్కడి వోల్టేజీకి తగిన మిక్సీ కొనుక్కోమంటాడు. ఛార్జర్ అయితే తిరగేసి, కళ్లజోడు పైకి జరిపి, చీమంత అక్షరాల్లో "100-240" ఉందో లేదో చూస్తాడు. ఉంటే ఏ దేశమైనా సరే.

సౌదీ అంటే, ఏం పట్టుకెళ్తున్నారో ఇంకోసారి అడుగుతాడు. అక్కడ 60 హెర్ట్జ్, మనది 50. ఛార్జర్లకు ఫర్వాలేదు గానీ, కొన్నిరకాల మోటార్ల వేగం మారిపోతుంది.