పుర్రెను తిరగేసి చదివే విద్య

పల్నాటి కారంపూడి పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది యుద్ధం. పన్నెండో శతాబ్దంలో నాగులేటి ఒడ్డున సవతి అన్నదమ్ముల పగ చివరికి తేలింది ఇక్కడే. ఇప్పటికీ కార్తీక అమావాస్య వచ్చిందంటే వీరుల గుడి దగ్గర అయిదు రోజుల సంబరం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఒక్కో రోజుకూ ఒక్కో ఘట్టం. వీరుల ఆయుధాలకు పూజలు జరుగుతాయి. ఆ కాలపు కత్తి దెబ్బ పైనుంచి పడేది. నెత్తి పగిలితే నెత్తురు కారేది, గాయం ఎక్కడుందో పసిపిల్లాడికైనా కనిపించేది.

ఇప్పుడు అదే ఊరి చుట్టూ ఉన్న రోడ్ల మీద తలకు తగిలే దెబ్బ తీరు వేరు. హెల్మెట్ లేకుండా మోటారు సైకిల్ మీంచి ఎగిరిపడిన మనిషికి నెత్తి మీద గీరుడైనా ఉండకపోవచ్చు. కాసేపటికి లేచి కూర్చుంటాడు, మంచినీళ్లు అడుగుతాడు. గంటలు గడిచేసరికి రెండు కళ్ల చుట్టూ నల్లగా కమిలిపోతుంది. ముక్కులోంచి నీళ్లలాంటిది చుక్క చుక్కగా కారుతుంది. వెంట వచ్చినవాళ్లు పడిశం అనుకుంటారు. తెలిసిన డాక్టరు మాత్రం, “ముక్కు చీదొద్దు నాయనా, తల కదపకుండా పడుకో” అంటాడు. కడుపులోకి గొట్టం వేయాల్సి వస్తే ముక్కులోంచి వేయనివ్వడు, నోట్లోంచి వేయిస్తాడు. పుర్రె అడుగు పగిలిందని అతనికి అర్థమైంది. సీటీ స్కాన్ తీసే చోటికి బండి చేరేలోపు ఆ మనిషి ప్రాణానికి అదే అండ.

అతనికి ఈ సంగతి తెలిసింది పుస్తకంలోంచి అనుకుంటాం. సగమే నిజం. మిగతా సగం ఏ గుంటూరు మెడికల్ కాలేజీలోనో మొదటి ఏడాది ఒక ఎండు పుర్రెను ఒళ్లో పెట్టుకుని, చీపురు పుల్లతో కన్నం కన్నం గుచ్చి చూసిన రోజుల్లో వచ్చింది. ఆ కాలేజీ పుట్టింది 1946లో. విశాఖపట్నంలోని ఆంధ్ర మెడికల్ కాలేజీ అంతకంటే పాతది, 1923 నాటిది. తరాల తరబడి మన డాక్టర్లు ఎముకను చేత్తో చదవడం నేర్చుకున్నది ఇలాంటి హాళ్లలోనే. పెద్దగా ఎవరూ రాయని విద్య ఇది. రాయాల్సినంత విషయం మాత్రం ఇందులో ఉంది.

మన ఊళ్లలో పుర్రెను చూసినవాళ్లు పైభాగమే చూస్తారు. అక్కడ ఎముకలు కలిసేచోట వంకరటింకర గీతలుంటాయి. బ్రహ్మ రాసిన రాత అదేనని శ్మశానంలో పెద్దవాళ్లు చూపిస్తారు. అనాటమీ మేష్టారుకు ఆ రాతతో ఎక్కువ పని లేదు. ఆయన పుర్రెను బోర్లా తిప్పుతాడు. అసలు చదువు కింద ఉంది.

తిప్పే ముందు పట్టుకోవడం రావాలి. కంటి గూటి కింది అంచూ, చెవి రంధ్రం పై అంచూ ఒకే అడ్డగీత మీద ఉండేలా పట్టుకోవాలి. 1884లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుదిరిన ఒప్పందం ఇది. వైవాలో ఎగ్జామినర్ పుర్రె చేతికిచ్చి మొట్టమొదట చూసేది కుర్రాడు దాన్ని ఎలా పట్టుకున్నాడనేదే. కంటి గూళ్లలో వేళ్లు దూర్చి ఎత్తినవాడికి అక్కడే సగం మార్కులు పోతాయి. ఆ గూటి లోపలి గోడలు కాగితమంత పల్చన. ఒక్క తరం అజాగ్రత్తగా పట్టుకుంటే తరవాతి తరానికి ఆ ఎముక మిగలదు.

పుర్రె పైకప్పు కోసి తీసి లోపలికి చూస్తే నేల మూడు మెట్లుగా దిగుతుంది. ముందు మెట్టు ఎత్తు, నడిమిది పల్లం, వెనకది అన్నిటికంటే లోతు. ముందు మెట్టు మధ్యలో జల్లెడ కన్నాల పలక, క్రిబ్రిఫార్మ్ ప్లేట్ ఉంటుంది. వాసన తెలిపే నరాలు ఒక్కో వైపున సుమారు 20 పోగులుగా దీంట్లోంచే ముక్కులోకి దిగుతాయి. మెదడుకూ ముక్కుకూ మధ్య ఉన్నది ఆ పలుచని ఎముకా, దాన్ని అంటుకున్న పొరలే. అది చిట్లితే మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారుతుంది. ముక్కులో వేసిన గొట్టం దారి తప్పి ఆ పగులులోంచి మెదడులోకే పోయిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. కారంపూడి డాక్టరు నోటి దారి ఎంచుకోవడానికి కారణం అదే.

ఇక చీపురు పుల్ల సంగతి. కొబ్బరి ఈనెతో అయితే ఇంకా మేలు, ఎముకను గీరదు. నడిమి మెట్టులో, తాటి గింజంత కూడా లేని జాగాలో, మూడు కన్నాలు వరసగా ఉంటాయి: రొటండమ్, ఒవేల్, స్పైనోసమ్. బొమ్మలో మూడూ ఒకే రకం చుక్కలు. చేతిలో అలా ఉండవు. ఒవేల్‌లో పైనుంచి పుల్ల పెడితే నేరుగా కిందికి దిగి దవడ వెనక తేలుతుంది. దవడను కదిపే నరం దారి అదే. దాని పక్కనే ఉన్న స్పైనోసమ్ మరీ సన్నం, రెండు మూడు మిల్లీమీటర్లు. పుల్ల చివర చెక్కితే గానీ పోదు. దాంట్లోంచి ఎక్కే ధమని కణత ఎముక లోపలివైపున గాడి చేసుకుని పోతుంది. కణతకు దెబ్బ తగిలి అది తెగిందో, మనిషి కాసేపు బాగానే మాట్లాడి, ఆ తరవాత స్పృహ తప్పుతాడు. “మాతో మాట్లాడాడండీ, టీ కూడా తాగాడు” అని బంధువులు ఏడుస్తూ చెప్పేది ఈ కేసుల్లోనే.

రొటండమ్ దగ్గరే మేష్టార్ల సరదా అంతా. పుర్రె బోర్లా పెట్టి, “ఏదీ, రొటండమ్ చూపించు” అంటారు. పిల్లాడు వెతుకుతాడు, చెమటలు పడతాయి, చివరికి ఏదో ఒక కన్నం చూపిస్తాడు. అది కిందినుంచి కనిపించదు. లోపలినుంచి పుల్ల పెడితే కిందికి దిగకుండా ముందుకు, పైదవడ ఎముక వెనకున్న సందులోకి పోతుంది. ఒక్కసారి ఆ పుల్ల ముందుకు పోవడం కళ్లారా చూసినవాడు పైదవడ నరం ముఖంలోకి ఎలా వస్తుందో జన్మలో మరిచిపోడు. బట్టీ పట్టినవాడు పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతాడు.

కరోటిడ్ కెనాల్‌ది మరో పాఠం. మెదడుకు నెత్తురు మోసే పెద్ద ధమని ఇందులోంచే ఎక్కుతుంది. కింద గుండ్రటి నోరు చక్కగా కనిపిస్తుంది. పుల్ల పెడితే కాస్త దూరం పోయి ఆగిపోతుంది. విరగ్గొట్టకూడదు. పుల్ల తీసేసి, పల్చటి తీగను వంచి పెట్టాలి. దారి పైకి ఎక్కి, ఎముకలోపలే మలుపు తిరిగి ముందుకూ మధ్యకూ పోతుంది. ఆ తీగ చివర తేలే చోట కింద గరుకంచులతో ఒక పెద్ద కన్నం ఉంటుంది, దాని పేరు ల్యాసెరమ్. చూడగానే ఏదో ముఖ్యమైన ద్వారం అనిపిస్తుంది. బతికున్న మనిషిలో అది మృదులాస్థితో పూడి ఉంటుంది. ధమని దాని మీదుగా పోతుందే తప్ప దాంట్లోంచి కిందికి దిగదు. ఎండు ఎముక అబద్ధం చెప్పే చోటు ఇదొక్కటే అని కొందరు మేష్టార్లంటారు. ఒక్కటే అనడం కాస్త అతిశయోక్తి. అయినా ఎముకలో కనిపించే కన్నాలన్నీ దారులు కావని మొదటి ఏడాదిలోనే తెలియడం మంచిదే.

వెనక మెట్టులో ముఖనరం మరీ మొండిది. లోపల చెవి నరంతో కలిసి ఒక కన్నంలో దూరుతుంది, ఎముకలో మలుపులు తిరిగి, చెవి వెనక బుడిపెకూ సూది ముల్లులాంటి ఎముకకూ నడుమ ఉన్న స్టైలోమాస్టాయిడ్ రంధ్రంలో బయటపడుతుంది. పుల్ల గానీ తీగ గానీ ఆ దారిన పోవు. అంత ఇరుకు గొట్టంలో నరం వాస్తే పోవడానికి చోటుండదు. రాత్రి బాగానే పడుకుని పొద్దున మూతి వంకరతో లేచే మనుషుల్లో చాలామందికి జరిగేది ఇదే. నుదురు ముడవమంటే అటువైపు ముడత పడకపోతే దెబ్బ నరానిది. మూతి ఒక్కటే వంకరపోయి నుదురు ముడతపడుతుంటే అనుమానం మెదడు మీదికి పోతుంది, ఆలస్యం చేయకూడదు. పసిపిల్లలకు చెవి వెనక బుడిపె ఇంకా ఎదగదు కనుక ఆ నరం దాదాపు చర్మం కిందే ఉంటుంది. పురుడు కష్టమై పటకారు వాడినప్పుడు బిడ్డ మూతి వంకరపోయే ప్రమాదం అందుకే.

అన్నిటికంటే పెద్దది ఫొరామెన్ మాగ్నమ్. సుమారు 35 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు. మెదడు కాండం వెన్నుపాములోకి దిగే చోటది. దీని గురించి చెప్పేది తక్కువ, ఎందుకంటే దీన్ని ఎవరూ మరిచిపోరు.

దీనితో చేసే ఒక పాత పని మాత్రం చెప్పాలి. పుర్రెలోని 22 ఎముకలను విరగకుండా విడదీయడం ఎలా? రంపం పెడితే అంచులు పోతాయి. చిన్న వయసువాళ్ల పుర్రె తీసుకుని, మిగతా కన్నాలు మూసి, ఫొరామెన్ మాగ్నమ్ గుండా ఎండు బఠాణీలో శనగలో నిండా పోసి నీళ్లలో ముంచుతారు. గింజలు నాని ఉబ్బుతాయి. లోపలినుంచి ఆ ఒత్తిడికి అతుకులు ఒక్కొక్కటే విడిపోతాయి. గబ్బిలం రెక్కలు చాచినట్టుండే స్ఫీనాయిడ్ ఎముక చెక్కు చెదరకుండా చేతికొస్తుంది. అలా విడదీసిన ముక్కలను తీగలతో ఎడం ఎడంగా నిలబెట్టే పద్ధతి ఫ్రాన్సులో బోషేన్ పేరు మీద ప్రసిద్ధి. వయసు మీరిన పుర్రెతో ఈ పని సాగదు. అడుగున స్ఫీనాయిడ్‌కూ వెనక ఎముకకూ మధ్య ఉండే మృదులాస్థి ఇరవై ఏళ్లు నిండేసరికి దాదాపుగా ఎముకగా కలిసిపోతుంది. దొరికిన పుర్రె పెద్దవాళ్లదా పిల్లలదా అని పోలీసులు అడిగితే ఫోరెన్సిక్ డాక్టరు చూసే గుర్తుల్లో ఆ అతుకు ఒకటి.

రంగులు కూడా ఈ విద్యలో భాగమే. ధమని దారికి ఎరుపు దారం, సిరకు నీలం, నరానికి పసుపు. కండరం పుట్టేచోట ఎర్ర రంగు, చేరేచోట నీలం. హాస్టల్ గదిలో రంగుల సీసాలు పెట్టుకుని కూర్చున్న కుర్రాళ్లను చూస్తే పెయింటింగ్ పోటీకి తయారవుతున్నారనిపిస్తుంది. బోన్ సెట్ సీనియర్ దగ్గర కొని, ఏడాది తిరిగాక జూనియర్‌కు అమ్మడం ఆనవాయితీ. దాన్ని సెలవులకు ఇంటికి తీసుకెళితే నాయనమ్మలు గడప దాటనివ్వరు. పశువుల కొట్టంలో పెట్టిన పుర్రెలకు లెక్క లేదు.

ఎముకను చూసి నేర్వడం మనకు కొత్త కాదు. శవాన్ని గడ్డిలో చుట్టి, బోనులో పెట్టి, పారే నీళ్లలో ఏడు రాత్రులు ఉంచి, కుళ్లిన తరవాత మెల్లగా రుద్దుతూ పొర పొరా చూడమని సుశ్రుతుడు చెప్పాడు. ఆ పద్ధతి మధ్యలో తెగిపోయింది. 1836లో కలకత్తాలో మధుసూదన్ గుప్తా మళ్లీ కత్తి పట్టాడు. ఆ తరవాతి కథలో ఒక మచ్చ ఉంది. ప్రపంచంలో మెడికల్ కాలేజీలకు అస్థిపంజరాలు అమ్మిన దేశాల్లో మనదే పెద్ద చెయ్యి. 1985లో కేంద్రం ఎగుమతి నిషేధించేదాకా ఆ వ్యాపారం సాగింది. ఆ ఎముకలు ఎక్కువగా దిక్కులేనివాళ్లవి, అంత్యక్రియలకు డబ్బులేని ఇళ్లవి. ఇంగ్లండులో, అమెరికాలో ఇప్పటికీ బీరువాల్లో ఉన్న పాత పుర్రెల్లో చాలా మన దేశపువే. ఆ మనుషుల్ని ఎవరూ అడగలేదు. శరీర దానం మీద ఆధారపడే పద్ధతి అంతకంటే నూరు రెట్లు గౌరవం.

ఈ చదువుతో ఏం ఒరుగుతుందనే ప్రశ్నకు ఒవేల్ కన్నం చాలు. ముఖంలో ఒకవైపు కరెంటు కొట్టినట్టు నొప్పి వచ్చే జబ్బు ఉంది. పళ్లు తోముకున్నా, గాలి తగిలినా నొప్పే. పంటి నొప్పి అనుకుని పళ్లు పీకించుకున్నవాళ్లున్నారు. మందులకు లొంగనప్పుడు నోటి మూలకు కాస్త పక్కన చెంపలో సూది గుచ్చి, ఎక్స్‌రే చూస్తూ, సరిగ్గా ఒవేల్‌లోకి పోనిచ్చి నరపు మొదలును వేడితో కాలుస్తారు, లేదా చిన్న బెలూనుతో నొక్కుతారు. ఏడు మిల్లీమీటర్ల కన్నాన్ని చెంప బయటినుంచి గురి చూసి కొట్టాలి. కాస్త వెనక్కి పోతే కరోటిడ్ ధమని. ఆ కోణం చేతికి ముందే తెలిసి ఉండాలి. పిట్యూటరీ గడ్డను ముక్కు దారిన తీయవచ్చని 1907లో ఇన్స్‌బ్రుక్‌లో ష్లోఫర్ చేసి చూపిందీ పుర్రె అడుగును నమ్ముకునే.

కన్నం ఎంత వెడల్పు అన్నది పల్నాటికి దగ్గర విషయం కూడా. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముక లావెక్కి నరాల దారులు ఇరుకవుతాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. హైదరాబాద్ నిమ్స్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఫ్లోరోసిస్ వల్ల నరాలకు జరిగే హాని మీద చాలా ఏళ్లు పనిచేశారు. దెబ్బ ఎక్కువగా పడేది వెన్నుపూసల గొట్టం మీద. నడుము వంగి, కాళ్లు బిగుసుకుపోయిన మనిషిని చూసి వయసు మీద పడిందని వదిలేయకుండా ఎముక లోపలి దారి గురించి ఆలోచించడం ఈ చదువు పెట్టే అలవాటే.

ఇంత విషయానికి ఇప్పుడు దొరికే సమయం తక్కువ. 1997 నిబంధనలతో ఎంబీబీఎస్ మొదటి దశ ఏడాదిన్నర నుంచి ఏడాదికి కుదించారు. అసలు ఎముకలు దొరకడం కష్టమైంది, కాలేజీలు పెరిగాయి. ఆ ఖాళీలోకి ప్లాస్టిక్ పుర్రె వచ్చింది. తెల్లగా, శుభ్రంగా ఉంటుంది, నాయనమ్మకు కూడా అభ్యంతరం ఉండదు. చవక రకాల్లో కరోటిడ్ కెనాల్‌లో తీగ పెట్టి చూడండి, గోడ తగులుతుంది. స్పైనోసమ్ ఉండాల్సిన చోట చిన్న గుంట ఉంటుంది, అంతే. అచ్చుపోసేవాడికి మలుపు తిరిగే దారితో పనిలేదు. సీటీ స్కాన్ నుంచి త్రీడీ ప్రింటరు మీద తీసిన పుర్రెలు వీటికంటే చాలా నయం. మలుపులు చాలావరకు వాటిలో వస్తాయి, ఎన్నిసార్లు పుల్ల గుచ్చినా భయం లేదు. కొత్త కాలేజీలు అలంకారానికి అద్దాల బీరువాలో ఒక పుర్రె పెట్టడం మాని, అలాంటివి బల్లకొకటి చొప్పున ఇచ్చి, వాటి పక్కన ఒక్క అసలు ఎముకనైనా ఉంచితే చాలు. పుల్లలకు ఖర్చేమీ లేదు.