విజ్ఞప్తి నుండి ప్రకటనమునకు: అమెరికా స్వాతంత్ర్యసమర గద్యము – ఒక పరిశీలనము

ఉత్తర అమెరికాలోని పదుమూడు ఆంగ్లవలసలకును బ్రిటిషు ప్రభుత్వమునకును జరిగిన యుద్ధము 1775 ఏప్రిల్ 19వ తేదీన లెక్సింగ్‌టన్, కాంకర్డ్ గ్రామములకడ ఆరంభమయ్యెను. స్వాతంత్ర్యప్రకటనము 1776 జూలై 4వ తేదీన ఆమోదింపబడెను. ఈ రెండింటి నడుమ పదునాలుగు నెలలకు పైబడిన వ్యవధి కలదు. అంతకాలము పోరాడుచునే వలసల ప్రతినిధులు తాము రాజభక్తులమని చెప్పుకొనిరి. ఇందులకు చరిత్రకారులు చూపు హేతువులు సుపరిచితములు: వలసల నడుమ ఐకమత్యము చాలకుండుట, సైనికబల మల్పమగుట, సంధి కుదురునను ఆశ. ఇవి యథార్థములే. ఐనను ఆనాటి గద్యమును వరుసగా చదువువారికి మరియొక హేతువు గోచరించును. వలసవాసులు చిరకాలముగా అభ్యసించిన రచనాప్రక్రియ విజ్ఞప్తి. ఆ ప్రక్రియయందు స్వాతంత్ర్యమను భావమునకు చోటు లేదు. ప్రక్రియ మారినగాని భావము వెలువడదయ్యెను. దీనిని నిరూపించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

విజ్ఞప్తికి మూడంగములు కలవు. వినువాని ఆధిక్యము నంగీకరించుట మొదటిది. తన విధేయతను చాటుకొనుట రెండవది. బాధను నివేదించి ప్రతిక్రియను కోరుట మూడవది. మొదటి రెండును మూడవదానికి ఆధారములు. ఎవని అధికారమును త్రోసివేయుచున్నామో వానినే అధికారివని సంబోధించి వేడుకొనుట వదతోవ్యాఘాతము. కావున విజ్ఞప్తి ఎంత తీవ్రమైనను, సంబంధమును సరిదిద్దుమని యడుగవలసినదే కాని తెంచుకొందుమని చెప్పజాలదు.

1763లో ముగిసిన సప్తవర్ష సంగ్రామము బ్రిటనును ఋణభారమున ముంచెను. ఆ భారములో కొంత వలసలపై మోపుటకు పార్లమెంటు 1765లో స్టాంపు చట్టమును చేసెను. న్యాయపత్రములు, వార్తాపత్రికలు, పంచాంగములు, చివరకు పేకముక్కలు సయితము సుంకమునకు లోనయ్యెను. ఇందొక విశేషము కలదు: ఆ పన్ను కాగితముపై పడినది, కనుక ముందుగా బాధపడినవారు న్యాయవాదులు, ముద్రాపకులు, అనగా కలము పట్టువారే. ఆ యేడు అక్టోబరులో తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్కునందు సమావేశమై, రాజునకును పార్లమెంటు ఉభయసభలకును విజ్ఞప్తులు పంపిరి. తమ ప్రతినిధులు లేని సభ తమపై పన్ను వేయరాదన్నది వారి వాదము. 1766 మార్చిలో చట్టము రద్దయ్యెను. కాని వలసలపై సర్వవిషయములందును శాసనము చేయు అధికారము తనకు కలదని పార్లమెంటు ఆ తరుణముననే వేరొక చట్టముచే చాటెను. పన్ను తొలగినది, పన్ను వేయు అధికారము నిలిచినది.

1767లో గాజు, సీసము, రంగులు, కాగితము, తేయాకులపై టౌన్‌షెండ్ సుంకములు వచ్చినప్పుడు జాన్ డికిన్‌సన్ ఒక పెన్సిల్వేనియా రైతు వ్రాసినట్లు పండ్రెండు లేఖలను పత్రికాముఖమున వెలువరించెను. ఆయన లండనులో న్యాయశాస్త్ర మభ్యసించిన న్యాయవాది. రైతువేషము కవికల్పితము వంటిది. చిన్న భూఖండము, కొద్దిపాటి గ్రంథములు, నెమ్మదియైన జీవనము గల మనుష్యుడొకడు నిష్పక్షపాతముగా ఆలోచించి పలుకుచున్నట్లు పాఠకునకు తోపించుట దాని ప్రయోజనము. వాణిజ్యమును క్రమపరచు సుంకము వేరు, ఆదాయమునకై విధించు సుంకము వేరు అను విభేదమును ఆయన సూక్ష్మముగా నిరూపించెను. ఆ శైలి మర్యాద గలది, పాండిత్యభరితము. ఈ లేఖల ముఖ్యవిశేషము సంబోధనము. ఇవి రాజునకు గాని పార్లమెంటునకు గాని వ్రాసినవి కావు. తోడి వలసవాసులకు వ్రాసినవి. బ్రిటిషు సరకుల బహిష్కారోద్యమమునకు ఇవి బలమిచ్చెను. ఐనను ఆయన ఉపదేశించిన మార్గమునందు మొదటిమెట్టు మరల విజ్ఞప్తియే. సంబోధ్యుడు మారెను, ప్రక్రియ సగమే మారెను.

తరువాతి ఘట్టమున మన దేశమునకు సంబంధించిన సూత్రమొకటి కలదు. స్టాంపు చట్టము పుట్టిన 1765వ సంవత్సరముననే ఈస్టిండియా కంపెనీ మొగలు చక్రవర్తి షా ఆలము నుండి వంగదేశపు దివానీని, ఉత్తరసర్కారులకు సంబంధించిన ఫర్మానాను పొందినది. ఇంత రాజ్యము సంపాదించియు ఆ కంపెనీ 1772 నాటికి దివాలాకు చేరువయ్యెను. దాని కొట్లలో నిలువయున్న తేయాకును చెల్లించుటకై 1773లో తేయాకు చట్టము వచ్చెను. ఆ డిసెంబరు 16వ తేదీన బోస్టను రేవునందు 342 పెట్టెల తేయాకు సముద్రము పాలయ్యెను. డికిన్‌సన్ మారుపేరుతో వ్రాసినట్లు చెప్పబడు ఒక లేఖ ఆ సందర్భముననే ఆసియాఖండమున కంపెనీ సాగించిన దోపిడిని పేర్కొని, అదే గతి అమెరికాకు పట్టునని హెచ్చరించినది. ఆంధ్రతీరమును తన యేలుబడిలోనికి తెచ్చుకొనుచున్న సంస్థయే అట్లాంటికు కావలి తీరమున ఒక విప్లవమునకు నిమిత్తమగుట గమనింపదగినది.

బోస్టను రేవును మూసివేసిన 1774 నాటి దండనచట్టములకు ప్రత్యుత్తరముగా పండ్రెండు వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో సమావేశమైరి. ఈమారు వారు పార్లమెంటునకు విజ్ఞప్తి పంపలేదు. రాజునకు మాత్రమే విన్నవించి, బ్రిటనుప్రజలను, తోడివలసల ప్రజలను వేరువేరుగా సంబోధించిరి. ఒకప్పుడు ముగ్గురు సంబోధ్యులుండగా ఇద్దరు తొలగిరి, రాజొక్కడు మిగిలెను. ఆ యేడే థామస్ జెఫర్సన్ రచించిన గ్రంథము రాజును ప్రజల ప్రధానోద్యోగిగా భావించినది. అందు విన్నపముయొక్క ఆకృతి మిగిలెను గాని వినయము మిగులలేదు.

ప్రక్రియాసంకటము 1775 జూలైలో పరాకాష్ఠ నందుకొనెను. రెండవ కాంగ్రెసు 5వ తేదీన రాజునకు శాంతివిజ్ఞప్తి నొకదాని నామోదించి, మరునాడే ఆయుధములు పట్టుటకు గల కారణములను వెల్లడించు ప్రకటన నామోదించెను. మొదటిది డికిన్‌సన్ రచన; రెండవదానిలోను ఆయన చేయి కలదు. ఒకే సభ, ఒకే కలము, వరుస దినములందు మోకరిల్లియు నిలిచియు పలికినది. దీనిని కపటమనుట సులభము, కాని సత్యముకాదు. పరిస్థితి యొకటి చెప్పుచుండగా ప్రక్రియ వేరొకటి చెప్పించుచుండెను. మూడవ జార్జి ఆ విజ్ఞప్తిని స్వీకరింపలేదు. ఆగస్టు 23వ తేదీన వలసవాసులు తిరుగుబాటుదారులని చాటింపించెను. వినువాడు లేనిచో విజ్ఞప్తి నిలువదు. ప్రక్రియను చంపినవాడు రాజే.

మృతప్రక్రియ స్థానమున నూతనప్రక్రియను నిలిపినవాడు థామస్ పెయిన్. ఇంగ్లండులో నడుముకట్లు కుట్టువృత్తియు, సుంకశాఖలో చిన్న యుద్యోగమును చేసి, 1774 చివర అమెరికా చేరినవాడు. ఆయన ‘కామన్ సెన్స్’ అను చిన్నపుస్తకము 1776 జనవరి 10వ తేదీన రచయిత పేరు లేకయే వెలువడెను. లాటిను సూక్తులకు, న్యాయశాస్త్ర ప్రమాణములకు మారుగా ఇంటింట చదువబడు బైబిలునుండి ప్రమాణములు గ్రహించి, వంశపారంపర్య రాజరికమునే ఖండించెను. విజ్ఞప్తికి ప్రాణమైన రూపకము తల్లిదేశము. బిడ్డ తల్లికి మొరపెట్టుకొనుట సహజముగదా! పెయిన్ ఆ రూపకమునే పెకలించెను: తల్లియైనచో ఈ క్రూరత్వ మామెకు మరింత అపకీర్తి, వలసలకు జన్మస్థానము ఇంగ్లండు మాత్రమే కాదు, ఐరోపా యంతయు. మూడు నెలలలో 1,20,000 ప్రతులు అమ్ముడుపోయెనని ఆయన చెప్పుకొనెను. నేటి పండితులు ఆ సంఖ్యను శంకించుచున్నారు. సంఖ్య ఎంతయైనను, అంతవరకు బహిరంగముగా పలుకుటకు జంకిన మాట ఆ వసంతమున వీథులలో పలుకబడెను.

జూలై 4 నాటి ప్రకటనమున ఈ పరిణామము వ్యాకరణమునందే కనిపించును. శాంతివిజ్ఞప్తియందు రాజు సంబోధ్యుడు, అనగా మధ్యమపురుషస్థానీయుడు. ప్రకటనమందు అతడు ప్రథమపురుషుడు. ఇరువదికి మించిన అభియోగములలో వరుసగా వాక్యమునకు కర్త యతడే. మాటలాడింపబడినవాడు మాటకు విషయమయ్యెను. వినువాని యాసనమున లోకము కూర్చుండెను. పదేండ్లు కలహము పార్లమెంటుతో నడువగా, ప్రకటనమున పార్లమెంటను పదమే కానరాదు. ఇది విస్మృతి కాదు. పార్లమెంటుతో తమకు సంబంధమే లేదని అదివరకే వాదించినవారికి తెంచవలసిన బంధము రాజుతోనే మిగిలియుండెను. జూలై 9వ తేదీన న్యూయార్కులో ఆ పాఠమును సైనికులకు చదివి వినిపించిరి. ఆనాడే జనసమూహము అచటి రాజవిగ్రహమును కూలద్రోసెను.

రచనలే యుద్ధమును పుట్టించెననుట ఈ వ్యాసాభిప్రాయము కాదు. పన్నులు, సైన్యములు, మూతపడిన రేవులు లేనిచో పెయిన్ పుస్తకమునకు పాఠకు లుండెడివారు కారు. అట్లే డికిన్‌సన్‌ను ప్రక్రియకు బందీయని త్రోసివేయుటయు న్యాయము కాదు. విదేశమైత్రియు వలసల సమాఖ్యయు కుదురకముందు తెగతెంపులు తగవని ఆయన వాదము. జూలై 2 నాటి నిర్ణయమున ఆయన పాల్గొనలేదు; ప్రకటనముపై సంతకము చేయలేదు. ఐనను సమాఖ్యనిబంధనల తొలిప్రతిని వ్రాసినవాడును, పిదప ప్రజాసైన్యమున పనిచేసినవాడును ఆయనయే. ప్రక్రియ భావమునకు హద్దు కాగలదు. మనుష్యుని శీలమునకు కొలబద్ద కానేరదు.

విమర్శకుడు పాఠమునందలి మౌనమును గూడ చదువవలెను. మానవులందరు సమానులని చాటిన జెఫర్సన్ బానిసల యజమాని. బానిసవ్యాపారమును నిందించి ఆయన వ్రాసిన భాగమును కాంగ్రెసు తొలగించెను. ఆదివాసుల ప్రస్తావన వచ్చినచోట ప్రకటనము వారిని క్రూరులుగనే వర్ణించినది. ఉత్తమపురుష బహువచనమైన ‘మేము’ అను పదములో ఎవరు చేరిరి, ఎవరు చేరలేదు అనునది ఆ గద్యము దాటలేకపోయిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు తొలి ప్రత్యుత్తరములలో నొకటి వెంటనే వచ్చినది. 1777 జనవరిలో ప్రిన్స్ హాల్ మొదలగు నల్లజాతివారు కొందరు మసాచుసెట్స్ శాసనసభకు విన్నపమొకటి సమర్పించిరి. అమెరికా ఏ సూత్రములపై బ్రిటనుతో పోరాడుచున్నదో అవియే బానిసల విముక్తికి ప్రబలసాక్ష్యములని వారి వాదము. ప్రకటనము వ్రాసికొనినవారు విజ్ఞప్తినుండి విముక్తులైరి. ప్రకటనమున చోటు దొరకనివారు మరల విజ్ఞప్తితోనే ఆరంభింపవలసివచ్చినది. కాని ఇప్పుడు వారిచేత ఒక క్రొత్త ప్రమాణమున్నది. ఏలికల వాక్యమునే ఏలికలయెదుట నిలుపగల విజ్ఞప్తి పూర్వపు విజ్ఞప్తివంటిది కాదు. రాజకీయగద్యమును పరిశీలించు విద్యార్థులు, అందలి భావములకంటె ముందుగా, ఎవరు ఎవరితో ఏ పురుషమున పలుకుచున్నారో విచారించినచో, ఉద్యమము ఏ మెట్టున నున్నదో పాఠమే తెలుపగలదు.