గెలిచి చూపించినా

డ్రిల్ మాస్టారిగా డ్రిల్ పీరియడ్ అంటే నాకు ప్రాణం. అందుకే దాని చరిత్రలోని ఒక అధ్యాయం నన్ను బాగా బాధపెడుతుంది. లెక్కల్లో వెనకబడ్డ పిల్లవాడి తప్పులు వాడి నోట్‌బుక్కులోనే ఉంటాయి. మైదానంలో అలా కాదు, వాడి ఒళ్లే అందరి ముందూ పరీక్షకు నిలబడాలి. ఒక జాతి మీదున్న చిన్నచూపు అక్కడ ‘వీళ్లకు సత్తువ లేదు’ అన్న మాటగా సులువుగా చెల్లిపోతుంది.

జర్మన్ మాట్లాడే దేశాల్లో యూదు పిల్లల విషయంలో ఇదే జరిగింది. 1811లో బెర్లిన్‌లోని హాసెన్‌హైడెలో ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ వ్యాయామ మైదానం తెరిచాడు. అక్కడ మొదలైన జిమ్నాస్టిక్స్ ఉద్యమంలో మొదటి నుంచీ జాతి అభిమానం కలిసే ఉంది. యూదులవి చదును పాదాలనీ, కవాతుకు పనికిరారనీ ప్రచారం సాగింది. 1887లో వియన్నాలోని ఒక పెద్ద వ్యాయామ సంఘం యూదులకు సభ్యత్వం లేదని నియమమే పెట్టుకుంది. తలుపులు మూసినవాళ్లే బయట ఉన్నవాళ్లను బలహీనులన్నారు.

1898లో బాసెల్‌లో జరిగిన జియోనిస్టు (యూదు జాతీయవాద) సభలో యూదు నాయకుడు మాక్స్ నోర్డౌ యూదు యువత కండలు పెంచాలని పిలుపునిచ్చాడు. అదే ఏడాది బెర్లిన్‌లో బార్ కొఖ్బా క్రీడాసంఘం పుట్టింది. ఆ పట్టుదలకు నమస్కరిస్తాను. కానీ ఎవరో వేసిన నిందను తుడుచుకునే బరువు పిల్లల భుజాల మీద పడిందే అని బాధ.

తుడుచుకున్నా ఫలితం దక్కలేదు. యూదులైన ఆల్ఫ్రెడ్ ఫ్లాటో, ఆయన బంధువు గుస్టావ్ ఫెలిక్స్ ఫ్లాటో 1896 ఏథెన్స్ ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌లో జర్మనీకి స్వర్ణాలు తెచ్చారు. ఇద్దరూ తెరెజియెన్‌స్టాట్‌లో నాజీ నిర్బంధంలోనే చనిపోయారు. యూదు అమ్మాయి గ్రెటెల్ బెర్గ్‌మన్ 1936లో హైజంప్‌లో 1.60 మీటర్లు ఎగిరి జర్మన్ రికార్డును సమం చేసినా ఆమెను ఒలింపిక్ జట్టులోకి తీసుకోలేదు. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం దక్కిందీ అదే ఎత్తుకు.

బడుల్లో నాజీలు వ్యాయామం పీరియడ్లు పెంచారు. అదే ప్రభుత్వం 1933లో, పై చదువుల్లో కొత్తగా చేరేవారిలో యూదులు 1.5 శాతం మించకూడదంది. 1938 నవంబరులో ప్రభుత్వ బడుల నుంచి యూదు పిల్లలందరినీ గెంటేసింది.

పతకాలు ద్వేషాన్ని కరిగించవని ఈ చరిత్ర నాకు నేర్పింది. ఫలానా వాళ్ల పిల్లలు పరిగెత్తలేరనో, ఫలానా వాళ్లకు బలమెక్కువనో ఏ డ్రిల్ మాస్టారి నోటా రాకూడదు. హాజరుపట్టీలో పేరున్న ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ మైదానంలో చోటుంది. దాన్ని ఎవరూ గెలిచి సంపాదించుకోనక్కర్లేదు.