అయిదుకి ఎన్ని?

ఆదివారం పొద్దున్న కాఫీల వేళ మా అమ్మాయి నా ఫోను తీసుకుని ఏదో వెతుకుతూ, "అమ్మా, నీకు 4.58 వచ్చిందే!" అంది.

"దేనికి? కొత్త నవలకా?" అన్నాను ఆశగా. పుస్తకాల కొట్లు ఫోనులోకి వచ్చేశాక నవలలకు కూడా నక్షత్రాలు పెడుతున్నారు కదా, ఆ భ్రమ.

"నవలకి కాదు, నీకే. కారెక్కే మనిషిగా నీ రేటింగ్ ఇది. క్యాబ్ డ్రైవర్లు వేసిన మార్కులు."

చెప్పొద్దూ, కాఫీ గొంతులో అడ్డం పడింది. కారు దిగిన ప్రతిసారీ నేను వాళ్లకు నక్షత్రాలు పెడుతూనే వున్నాను. నేను గేటు తీసుకుని లోపలికి వచ్చేలోగా వాళ్లూ నాకు పెడుతున్నారని ఇన్నేళ్లూ తోచనేలేదు.

మా వారు పేపరు దించి, "నాదెంతో చూడమ్మా" అన్నారు. ఆయనకి 4.87. అమ్మాయికి 4.91. తను నాకంటే మంచివారని రుజువు చేసే కాగితం ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయనకి దొరకలేదు. ఇప్పుడు దొరికింది. ఆ పూటంతా ఆయన నడకే మారిపోయింది.

"అయిదుకి 4.58 అంటే నూటికి తొంభై ఒకటి పైన. నాకు బి.ఏ.లో కూడా అన్ని రాలేదు" అని నన్ను నేను సముదాయించుకోబోయాను. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదివిన పిల్ల. సముదాయింపులు దానికి నచ్చవు. కాగితం తీసి లెక్క వేసింది.

"నువ్వు నూరుసార్లు కారెక్కావనుకో. ఎనభై తొమ్మిది మంది అయిదేసి ఇచ్చారు. ఒకరు మూడిచ్చారు. పదిమంది ఒక్కొక్కటే ఇచ్చారు. మొత్తం 458. నూరుతో భాగిస్తే 4.58. ఇందులో మామూలుగా అందరూ అయిదే ఇస్తారమ్మా. తగ్గించారంటే కావాలని తగ్గించినట్టే."

పదిమంది! నాతో ఒకే కారులో కూర్చుని, నన్ను ఇంటి దగ్గర దింపి, "ఈవిడ మళ్లీ నా బండి ఎక్కకపోతే బాగుండును" అనుకున్నవాళ్లు పదిమంది!

మంచికీ చెడుకీ మధ్య ఏమీ లేని ఈ పద్ధతి నాకు కొత్త కాదు. మన పుస్తకావిష్కరణ సభలు చూడండి. వేదిక మీద ఆరుగురు వక్తలుంటారు. ఆరుగురూ అయిదేసి నక్షత్రాలు ఇస్తారు. అందులో పుస్తకం చదివినవాళ్లు ఎందరో మనం అడగం, వాళ్లు చెప్పరు. ఎవరైనా పొరపాటున "నవల బాగుంది కానీ" అన్నారా, రచయిత్రి మొహం మాడిపోతుంది. అందరికీ అయిదు ఇవ్వడం మర్యాద అయినప్పుడు నాలుగు తిట్టు అయి కూచుంటుంది. రెండూ, మూడూ పేరుకే వుంటాయి.

అయితే విమర్శకుడికీ ఈ నక్షత్రానికీ ఒక పెద్ద తేడా వుంది. నా రెండో నవల మీద ఒక విమర్శకుడు, ఇందులో ఆడవాళ్లు మాట్లాడినంత బాగా మగవాళ్లు మాట్లాడరు, అందరూ ఒకే గొంతుతో పలుకుతారు అని రాశారు. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు పుస్తకం తీసి చూసుకుంటే ఆయన చెప్పింది నిజం. తరువాతి నవలలో దిద్దుకున్నాను. ఏడిపించినా ఆయన కారణం చెప్పారు. నక్షత్రం అలా చెప్పదు. ఎవరిచ్చారో తెలియదు, ఎందుకిచ్చారో తెలియదు. ఊబర్ వాళ్లు 2022 ఫిబ్రవరిలో, ఒక్కో పాసెంజరుకి అయిదులెన్ని, నాలుగులెన్ని, ఒకట్లెన్ని వచ్చాయో విడదీసి చూసుకునే వీలు కల్పించారు. మంచిదే. కానీ ఇంటి మీద రాళ్లెన్ని పడ్డాయో లెక్క తెలిస్తే, ఎవరి తోటలో మామిడికాయ కోశామో తెలుస్తుందా?

నా దిగులు చూసి మా అమ్మాయి ఆ రాత్రి ఒక సినిమా పెట్టింది. నిజానికి సినిమా కాదు, గంట పైచిలుకు కథ. 'బ్లాక్ మిర్రర్' అనే వరుసలో 2016 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'నోజ్‌డైవ్'. ముక్కు కిందికి పెట్టి విమానం కూలడాన్ని ఆ మాటతో చెబుతారట. దర్శకుడు జో రైట్.

అందులో అందరూ అందరికీ మార్కులు వేస్తూ వుంటారు. కాఫీ ఇచ్చినమ్మాయికీ, లిఫ్టులో ఎదురుపడినామెకీ, అన్నదమ్ములకీ కూడా. లేసీ అనే అమ్మాయి అద్దం ముందు నిలబడి నవ్వడం అభ్యాసం చేస్తుంది. ఆమెకు 4.2 చిల్లర. మోజుపడిన ఇల్లు తగ్గింపు ధరకి రావాలంటే 4.5 కావాలి. గొప్ప మార్కులున్న చిన్ననాటి స్నేహితురాలి పెళ్లిలో ఉపన్యాసమిచ్చి వాటిని సంపాదిద్దామని బయలుదేరుతుంది. ఇక అక్కడినుంచి పతనం. తమ్ముడితో పోట్లాట, వీధిలో ఎవరినో గుద్దుకోవడం, విమానాశ్రయంలో కేకలు. ఒక్కొక్క మెట్టే జారి, చివరికి జైల్లో పడుతుంది. బ్రైస్ డాలస్ హోవర్డ్ ఆ అతుకు నవ్వును ఎంత బాగా నటించిందంటే, చూస్తున్నంతసేపూ నా బుగ్గలు నొప్పెట్టాయి.

నాకు నచ్చిన ఘట్టం మాత్రం ఆమెది కాదు, దారిలో ఆమెను ఎక్కించుకున్న లారీ డ్రైవరుది. వయసు మళ్లిన ఆడమనిషి, మార్కులు ఒకటిన్నర కూడా లేవు. ఆమె భర్తకి క్యాన్సర్. అతనికి 4.3 వుంటే, ఆసుపత్రిలో మంచం 4.4 వున్నవాడికి ఇచ్చారు. అతను పోయాక ఆమె ఈ నక్షత్రాల గొడవే వదిలేసింది. కథ మొత్తంలో మనిషిలా మాట్లాడిన మనిషి ఆమే.

బాగుంది కదా! నాకూ బాగుంది. కానీ పక్కమీద వాలాక ఏదో వెలితి. నక్షత్రాలు వదిలెయ్యి, హాయిగా వుంటావు అన్నట్టుంది కథ చెప్పే నీతి. వదిలెయ్యడం ఎవరి చేతిలో వుంది? లేసీకి పోయింది పరువు, నాకు పోయింది మా వారి ముందు మాట. నన్ను దింపి వెళ్లిన మనిషి నక్షత్రాలు వదిలేస్తే ఏమవుతుంది?

ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవాలి. ఆ మధ్య వానాకాలంలో రవీంద్రభారతిలో ఒక సభ. శాలువా, జ్ఞాపిక, పూలగుత్తితో బయటికి వచ్చేసరికి కుండపోత. క్యాబ్ పిలిచాను. నేనున్న చోటు ఫోనులో సరిగ్గా గుర్తు పెట్టలేదు, రోడ్డుకి అవతలి వైపు పెట్టాను. ఆ అబ్బాయి అక్కడ ఆగి ఫోన్ చేస్తే, "ఇక్కడ నిలబడి తడుస్తున్నాను, కనబడటం లేదా?" అని కసిరాను. ఆ వానలో పెద్ద చుట్టు తిరిగి వచ్చాడు. ఎక్కినప్పటినుంచి దిగేదాకా నేను ఫోనులో మాట్లాడుతూనే వున్నాను. వచ్చేవారం సీరియల్లో హీరోయిన్ మనసు ఎంత సున్నితమో ఎడిటరుగారికి వివరిస్తున్నాను లెండి. ఇంటి దగ్గర దిగి, చేతుల నిండా సామానుతో తలుపు మోచేత్తో ఒక్క తోపు తోశాను. వీధంతా వినపడింది. అతను వెనక్కి తిరిగి, "మెల్లగా మేడమ్" అన్నాడు. మొహం చిట్లించాడని నాకనిపించింది. లోపలికి వచ్చి, శాలువా కూడా తీయకుండా, అతనికి రెండు నక్షత్రాలు పెట్టాను.

అతను నాకెన్ని పెట్టాడో తెలియదు. ఎన్ని పెట్టినా తప్పు లేదు.

ఇది జరిగిన చాలా రోజులకి, అంటే నా 4.58 సంగతి బయటపడ్డాక, కోఠీనుంచి ఇంటికి ఒక పెద్దాయన కారులో వచ్చాను. పాలమూరు మనిషి. మనసు ఉండబట్టలేక, "ఏమండీ, మీరు పాసెంజర్లకి మార్కులు ఎందుకు తగ్గిస్తారు?" అని అడిగేశాను.

ఆయన అద్దంలోంచి చూసి నవ్వాడు. "మేమిచ్చే స్టార్‌తోని మీకేమైతదమ్మా? మీరిచ్చే స్టార్‌తోని మాకు గిరాకి పోతది."

కాసేపాగి, తనే అన్నాడు: "డోరు జర మెల్లగ ఎయ్యుండ్రి, సాలు. కిస్తీ కట్టేటోనికి ఆ సప్పుడు ఈడ తగుల్తది" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఆయన మాట ఉత్త బెంగ కాదు. పాసెంజర్ల మార్కులు మరీ పడిపోతే ఖాతా మూసేస్తామని ఊబర్ 2019 మేలో అమెరికా, కెనడాలలో ప్రకటించింది. డ్రైవర్లకయితే ఆ కత్తి అంతకు ముందునుంచే వేలాడుతూ వుంది. 2025లో మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలలో కూడా, రేటింగులో అట్టడుగు అయిదు శాతంలో పడిన డ్రైవర్లు మూడు నెలలకోసారి మళ్లీ శిక్షణ తీసుకోవాలని వుంది. నూరుగురిని వరసలో నిలబెడితే, అందరూ బుద్ధిమంతులే అయినా, చివర అయిదుగురు వుండనే వుంటారు. వానలో నేను విసిరిన రెండు నక్షత్రాలు ఆ అబ్బాయిని వరసలో ఎంత వెనక్కి నెట్టాయో! ఇద్దరి చేతికీ ఒకే అయిదు నక్షత్రాలు ఇచ్చారు కాబట్టి ఇద్దరమూ సమానమే అనిపిస్తుంది. కాదు. నాకు తగ్గితే చిన్నతనం. అతనికి తగ్గితే బియ్యం.

ఇంటికి వచ్చి నా నవలలు అయిదూ ముందేసుకున్నాను. ఎందుకో ఆటోవాళ్లూ, క్యాబ్‌వాళ్లూ ఎక్కడెక్కడ వచ్చారో చూడాలనిపించింది. పదకొండు చోట్ల వచ్చారు. పదకొండు చోట్లా ఒకటే వాక్యం, అటూ ఇటూగా: డబ్బులిచ్చేసి ఆమె లోపలికి నడిచింది. అతను ఎటు వెళ్లాడో, అన్నం తిన్నాడో లేదో, ఒక్కచోటా లేదు. నా నేరమొక్కటే కాదులెండి. మా అమ్మ వారపత్రికల్లోంచి చింపి, కుట్టించి దాచుకున్న పాత సీరియల్స్ అటకమీద వున్నాయి. అవీ తిరగేశాను. వాటిల్లో రిక్షా వుంటుంది. వాన వుంటుంది. హీరోయిన్ తడిసిన జడ వుంటుంది. రిక్షాలాగిన వాడి తడిసిన వీపు మాత్రం చాలా తక్కువచోట్ల కనిపించింది. మన కథల్లో బండి నడిపేవాడు మనల్ని గుమ్మం దాకా చేర్చే చక్రంలో ఒక ఆకు మాత్రమే.

ఆ విమర్శకుడు చూడని లోపాన్ని ఈ పదిమంది చూశారు. వాళ్లు నా నవలలు చదివి వుండరు. నన్ను చదివారు.

మీలో కూడా చాలామంది ఈపాటికి ఫోను తీసి చూసుకుంటూ వుంటారు. తక్కువ వస్తే గాభరా పడకండి. బాగు చేసుకునే ఉపాయాలు మన వంటింటి మర్యాదలే. కారు గుమ్మంలోకి వచ్చాక చీర కుచ్చిళ్లు సర్దుకోవద్దు, ముందే గేటు దగ్గర వుండండి. వున్న చోటు ఫోనులో సరిగ్గా గుర్తు పెట్టండి. దారిలో కూరగాయలకి ఆగాలంటే ఎక్కేముందే చెప్పండి. నలుగురు పట్టే బండిలో ఆరుగురు ఎక్కకండి. వెనక సీట్లోనైనా బెల్టు పెట్టుకోండి. మిరపకాయ బజ్జీల కాగితం సీటుకింద దోపకండి. పేరు ఫోనులోనే వుంటుంది, పేరు పెట్టి పలకరించండి. తలుపు మెల్లగా వేయండి.

ఇవన్నీ నక్షత్రం కోసం చేస్తే మాత్రం మనం లేసీ అయిపోతాం, అద్దం ముందు నవ్వు నేర్చుకుంటూ. ఎవరూ మార్కులు వెయ్యని ఆటోలో కూడా చెయ్యగలిగితే అది మనదే. ఇంకొకటి. దిగగానే కోపంలో నక్షత్రాలు పెట్టకండి. ప్రమాదకరంగా నడిపినా, అసభ్యంగా మాట్లాడినా తప్పకుండా ఫిర్యాదు చెయ్యండి, మన క్షేమం ముందు. కానీ మొహం చిట్లించాడన్న పాపానికి కాఫీ తాగేదాకా ఆగండి. నేను ఆగలేదు. ఆ రెండు నక్షత్రాలనూ వెనక్కి తీసుకుందామని ఎంత వెతికినా ఆ అబ్బాయి దొరకలేదు.

నిన్న మా అమ్మాయి మళ్లీ చూసింది. 4.61. "పెరుగుతోందమ్మా!" అంది. మా వారు కొంచెం కంగారుపడ్డట్టు కనిపించారు.

కొత్త సీరియల్ మొదలుపెట్టాను. మొదటి ప్రకరణంలో హీరోయిన్ క్యాబ్ దిగుతుంది. అలవాటు ప్రకారం ఆమెను లోపలికి నడిపించబోయి, కలం ఆగింది. అతను ఎటు వెళతాడో చూద్దామని వెంట వెళ్లాను. మూడు పేజీలయింది, ఇంకా వెళుతూనే వున్నాను.

మా వారు నా భుజం మీదుగా చదివి, "హీరోయిన్ ఇంకా రోడ్డు మీదే వుందే! లోపలికి ఎప్పుడొస్తుంది?" అన్నారు.

"వస్తుంది లెండి, తలుపు మెల్లగా వేసి" అన్నాను.