సగం దువ్విన జడ: గ్వెర్చీనో ‘సెమిరామిస్’ చిత్రం – తెలుగు సామ్యాలు

కీలక పదాలు: బరోక్ చిత్రకళ, సెమిరామిస్, ద్రౌపది, సత్యభామ, జడ, వీరరసం.

ఉపోద్ఘాతం:

స్త్రీ తల దువ్వుకునే దృశ్యాన్ని శృంగారరస పరిధిలోనే వ్యాఖ్యానించడం మన విమర్శలో స్థిరపడిన అలవాటు. ఇటలీ చిత్రకారుడు గ్వెర్చీనో (1591–1666) 1624లో రచించిన తైలవర్ణచిత్రం ఆ అలవాటును ప్రశ్నిస్తుంది. బాబిలోను తిరుగుబాటు వార్తను వింటున్న రాణి సెమిరామిస్ దీని వస్తువు. ప్రస్తుతం బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉన్న ఈ చిత్రాన్ని, జడను ప్రధాన సంకేతంగా నిలుపుకున్న తెలుగు కావ్య, రంగస్థల సంప్రదాయాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్రం – ఆధారకథ:

సెమిరామిస్ గాథకు మూలం క్రీ.పూ. 9వ శతాబ్దపు అస్సిరియా రాణి షమ్మురామత్ అని చరిత్రకారులు భావిస్తారు. గ్రీకు రచయితల చేతిలో ఆమె పురాణపాత్ర అయింది. డయోడోరస్ కథనంలో ఆమె భారతదేశంపై దండెత్తి, ఎద్దుతోళ్లతో కుట్టించిన కృత్రిమ గజాలను నడిపించి, చివరకు ఓడి సింధునది దాటి వెనుదిరుగుతుంది.

గ్వెర్చీనో ఈ యుద్ధాన్ని ఎన్నుకోలేదు. రోమన్ రచయిత వలేరియస్ మాక్సిమస్ చెప్పిన చిన్న ఉదంతం అతనికి ఆధారం. తల దువ్వించుకుంటున్న రాణికి తిరుగుబాటు కబురు అందింది. ఒక పక్క జుట్టు విరబోసుకొని ఉండగానే ఆమె బయలుదేరింది. నగరం లొంగేదాకా రెండో పక్క ముడివేయలేదు. వలేరియస్ దీన్ని కోపానికి ఉదాహరణగా చూపాడు. దాంతే ఆమెను నరకంలో కాముకుల సరసన నిలిపాడు.

చిత్రంలో సైన్యం లేదు, మండే నగరం లేదు. రాణి, దూత, పరిచారిక మాత్రమే ఉన్నారు. చిత్రకారుడు పట్టుకున్నది కోపాన్నీ కాదు, కామాన్నీ కాదు. కబురు చెవిన పడడానికీ నిర్ణయం వెలువడడానికీ నడుమనున్న క్షణాన్ని. విడివడిన కురులు ఇక్కడ చూపులను ఆకర్షించే అలంకారంగా మిగలక, ఆగిపోయిన పనికి గుర్తవుతాయి.

తెలుగు సామ్యాలు:

తిక్కన ఉద్యోగపర్వంలో ద్రౌపది రాయబారానికి వెళ్లబోయే కృష్ణునికి తన జుట్టు చూపుతుంది. భట్టనారాయణుని సంస్కృత నాటకానికి ‘వేణీసంహారం’ అన్న పేరే ఆ జడముడి నుంచి వచ్చింది. ఇద్దరు రాణుల జుట్టూ కార్యం ముగిసేదాకా ముడిపడదు. అయితే ద్రౌపది జుట్టు అవమానానికి సాక్ష్యం, పగ తీర్చవలసినవారు భర్తలు. సెమిరామిస్‌ది పాలకురాలి అత్యవసరం; కదలవలసింది ఆమే.

పోతన సత్యభామ దీనికి భిన్నం. నరకునితో పోరుకు ముందు ఆమె జడ ముడిచి సిద్ధమవుతుంది. కృష్ణుని వైపు శృంగారమూ, శత్రువు వైపు వీరమూ ఒకేసారి ప్రసరింపజేస్తుంది. అదే సత్యభామ కూచిపూడి భామాకలాపంలో జడనే సవాలుగా తెరపైకి విసురుతుంది. నూజివీడు, కూచిపూడి రెండూ నిన్నటి ఉమ్మడి కృష్ణాజిల్లాలోవే. కనుక ఈ మామిడితోటల సీమలోని తరగతి గదికి గ్వెర్చీనో రాణి పూర్తిగా పరాయిది కాదు.

పరిమితి:

పోతన పద్యం కాలంలో నడుస్తుంది కనుక రెండు రసాలనూ మార్చి మార్చి చూపగలిగింది. చిత్రానికి ఉన్నది ఒకే క్షణం. కథ తెలియని ప్రేక్షకుడు దీన్ని అంతఃపుర అలంకరణ దృశ్యంగానే చూసే ప్రమాదముంది. తిరుగుబాటు భారాన్ని చాలావరకు శీర్షికే మోస్తోంది. ఇది చిత్రంలోని లోపమే.

ముగింపు:

సెమిరామిస్ జుట్టు సగంలో ఆగింది, ద్రౌపదిది విడివడింది, సత్యభామది ముడిపడింది. ఈ మూడు స్థితులూ మూడు రకాల అధికారాన్ని సూచిస్తున్నాయి. నాయికా వర్ణనను బోధించేటప్పుడు జడ ఎంత అందంగా ఉందన్న ప్రశ్నతో ఆగకుండా, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు ముడిచారో, ఎందుకు విప్పారో కూడా అడగాలి. అప్పుడే అలంకరణ వర్ణనల్లో దాగిన రాజకీయం కనబడుతుంది.