గ్రంథచౌర్యంలో మోసుకొచ్చినవాని బాధ్యత

అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో జరిపిన ఐదవ సమావేశంలో గ్రంథస్వామ్యాన్ని గురించి ఒక తీర్మానం చేసింది. వ్యాపార నామం, గ్రంథరచన, నూతన ఆవిష్కరణ మొదలైనవి వాటి యజమానులకు చెందిన ప్రత్యేక హక్కులనీ, నేటి ఆచారంలో వాటికి ఆర్థిక విలువ ఏర్పడింది గనుక షరీఅత్ వాటిని గుర్తిస్తుందనీ, వాటిని అతిక్రమించడం ధర్మసమ్మతం కాదనీ దాని సారాంశం. అంతవరకు ఉలమాలో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ ప్రచురణ హక్కును ఒక్కరికే ప్రత్యేకించడాన్ని అంగీకరించలేదు. ఆయన కుమారుడు ముఫ్తీ తఖీ ఉస్మానీ ఆ హక్కును సమర్థించారు. ఒకే ఇంటిలో తండ్రీకొడుకులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చిన సమస్య ఇది.

ఈ తీర్మానం మెచ్చదగినదే. ఐతే ఇది అచ్చుయంత్రాన్ని దృష్టిలో ఉంచుకొని వ్రాసిన తీర్మానమని మరువరాదు. ఆనాడు దొంగప్రతి వేయాలంటే కాగితం కొనాలి, అచ్చువేయాలి, దుకాణంలో పెట్టి అమ్మాలి. దోషి ఎవరో వెదకడం కష్టం కాదు. నేడు ఒకడు పుస్తకాన్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తాడు, వేయిమంది దించుకుంటారు, నడుమ ఒక సర్వీసు సంస్థ తన తీగల ద్వారా దానిని చేరవేస్తుంది. ఈ మూడవవాని బాధ్యత ఏమిటి? తీర్మానంలో దీనికి సమాధానం లేదు. దానిని పదే పదే ఉదహరించే మన వ్యాసకర్తలు కూడా ఈ లోటును పూరించలేదు. కొందరు సర్వీసు సంస్థలన్నీ పాపంలో భాగస్వాములేనని ఒక్క మాటలో తేల్చివేస్తున్నారు. పాపకార్యాలలో పరస్పరం సహకరించుకోవద్దన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని (అల్ మాయిదా: 2) ఇందుకు ఆధారంగా చూపుతున్నారు. ఆదేశం సుస్పష్టం. కాని ఏది సహకారం, ఏది కాదు అన్నదే ఇక్కడి ప్రశ్న.

దీనికి సమాధానం మన ఫిఖ్‌హ్‌లోనే ఉంది. 1869-1876 మధ్య ఉస్మానియా సామ్రాజ్యంలో హనఫీ ఫిఖ్‌హ్ ఆధారంగా కూర్చబడిన ‘మజల్లా’ నష్టం కలిగించేవారిని రెండు రకాలుగా విభజించింది. పనిని స్వయంగా చేసినవాడు ‘ముబాషిర్’. దానికి కారణమైనవాడు ‘ముతసబ్బిబ్’. ఇద్దరూ ఉన్నచోట బాధ్యత ముబాషిర్‌దే అంటుంది 90వ నిబంధన. ఒకడు దారిలో బావి తవ్వాడు, మరొకడు వేరొకరి పశువును అందులోకి తోశాడు. నష్టపరిహారం తోసినవాడే చెల్లించాలి. కారణమైనవానిలో ఉద్దేశమో హద్దుమీరడమో ఉంటేనే అతడు బాధ్యుడని 93వ నిబంధన. అనుమతి లేకుండా దారిలో బావి తవ్వి వదిలితే, పశువు తానుగా పడిపోయినా తవ్వినవాడే బాధ్యుడు. తన సొంత స్థలంలో తవ్వితే కాదు.

మన దేశపు చట్టం కూడా ఇంచుమించు ఈ మార్గాన్నే అనుసరించడం గమనార్హం. 2012లో సవరించబడిన కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ప్రకారం, సమాచారాన్ని చేరవేసే సాంకేతిక ప్రక్రియలో తాత్కాలికంగా నిలువవుండే ప్రతి ఉల్లంఘన కాదు. దొంగప్రతికి దారి చూపే సంస్థకు హక్కుదారు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, ఆ సంస్థ 21 రోజులు దానిని ఆపివేయాలి. ఆ లోపల కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి తెరవవచ్చు. తెలియనంతవరకు క్షమ, తెలిసిన తరువాత బాధ్యత. తెలిసి కూడా మౌనం వహించడం హద్దుమీరడమే అవుతుంది.

ఈ విచక్షణ లోపిస్తే ఏమవుతుందో అదే 2012లో చూశాం. ‘3’ అనే తమిళ చిత్రం, ‘దమ్ము’ అనే తెలుగు చిత్రం దొంగప్రతులను అరికట్టడానికి మద్రాసు హైకోర్టు ఉత్తర్వులిచ్చింది. సర్వీసు సంస్థలు భయంతో దొంగప్రతులున్న పుటలను మాత్రమే కాక, విమియో వంటి సైట్లను మొత్తంగా మూసివేశాయి. తమ సొంత చిత్రాలను అక్కడ ఉంచుకొన్న నిర్దోషులు నష్టపోయారు. ఆ జూన్‌లో కోర్టే జోక్యం చేసుకొని, నిర్దిష్టమైన పుటలను మాత్రమే ఆపాలని స్పష్టం చేయవలసివచ్చింది. ఒకరి హక్కును కాపాడబోయి వేరొకరి హక్కును హరించడం న్యాయం కాదు. ఒక హానిని మరొక హానితో తొలగించరాదన్నది ఫఖీహ్‌లందరూ ఎరిగిన సూత్రమే.

కనుక మోసుకొచ్చినవానిని తిట్టడం తేలిక. తోసినవాడెవరో చూసుకోవడం కష్టం. తెలుగులో ఇస్లామీ సాహిత్యాన్ని ప్రచురించేవారు చాలా తక్కువ. అనువాదకుడు నెలల తరబడి శ్రమిస్తాడు. అచ్చుకూలి, కాగితం ఖర్చు పుస్తకాలు అమ్ముడైతేనే తిరిగివస్తాయి. పుస్తకం వెలువడగానే దానిని పుటలు పుటలుగా చిత్రించి వాట్సాప్‌లో పంచిపెట్టి, “ధర్మప్రచారం కోసం చేశాను, పుణ్యం లభిస్తుంది” అని సంతృప్తి పడే సోదరులున్నారు. సంకల్పం మంచిదైనంత మాత్రాన పరుల సొత్తు హలాల్ కాదు. ఆ ప్రచురణకర్త రెండవ ముద్రణ వేయలేకపోతే నష్టపోయేది ధర్మప్రచారమే. సుయూతీ గ్రంథకర్తకూ, గ్రంథచోరునికీ గల భేదంపై ప్రత్యేకంగా ఒక రచనే చేశారు. ఈ దోషాన్ని మన పూర్వులు ఎంత తీవ్రంగా పరిగణించారో దీనినిబట్టి తెలుస్తుంది.

అయితే హక్కుదారులకూ బాధ్యత ఉంది. జ్ఞానాన్ని దాచిపెట్టడం కూడా దోషమే. 1888లో హైదరాబాద్‌లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ అరబ్బీ వ్రాతప్రతులను వెదకి, పరిష్కరించి లోకానికందించింది. ఆ వ్రాతప్రతులు కొందరి పెట్టెలలోనే ఉండిపోతే హదీసు విద్యకు ఎంత లోటు జరిగేది! కొనలేని విద్యార్థికి పుస్తకం చేరే దారిని ప్రచురణకర్తలే చూపాలి. తక్కువ వెల ప్రతులు వేయవచ్చు, గ్రంథాలయాలకు ఇవ్వవచ్చు, కొంతకాలం తరువాత తామే ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టవచ్చు. ఫిఖ్‌హ్ అకాడమీ తీర్మానం ఈ విషయంలోనూ మౌనంగానే ఉంది.

ఆ తీర్మానం హక్కును నిర్ధారించింది. హక్కుకు హద్దులను, మోసుకొచ్చినవాని బాధ్యతను నిర్ణయించడం ఇంకా మిగిలివుంది. ఆ పని ఉలమాది. ఈలోగా మన చేతిలోని ఫోనును నొక్కే వేలు మనదే. రేపు అల్లాహ్ సన్నిధిలో దాని లెక్క చెప్పవలసినది సర్వీసు సంస్థ కాదు, మనమే.