తొందరపడని కంపైలర్

పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద వడికి, ఆ నూలును మగ్గానికెక్కిస్తారు. మగ్గం మీద పోగు తెగితే తప్పు మగ్గానిదే కానక్కర్లేదు, దువ్వినప్పుడు మిగిలిన నలకదీ కావచ్చు. ఈ ఊళ్లో కూర్చుని జావా రాసే నేను ఎర్రర్లను ఈ వరసలోనే వెనక్కి చదువుతాను.

పేరు దొరక్కపోతే జావా కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది. యానొటేషన్ ప్రాసెసింగ్ నడుస్తుంటే మాత్రం అంత తొందరపడదు. 2006లో జావా 6తో కంపైలర్‌లో కలిసిన ఈ ఏర్పాటులో, మనం పెట్టిన యానొటేషన్లను చూసి ప్రాసెసర్లు కొత్త సోర్స్ ఫైళ్లు పుట్టిస్తాయి. అవి పుట్టాక మరో రౌండ్ నడుస్తుంది. డాగర్ అనే ప్రాసెసర్ వాడే ప్రాజెక్టులో 'డాగర్‌యాప్‌కాంపొనెంట్' అని మనం రాసేనాటికి ఆ క్లాసే ఉండదు. అందుకే 'సింబల్ దొరకలేదు' అన్న ఎర్రర్‌ను కంపైలర్ పక్కన పెట్టి ఉంచుతుంది. క్లాస్ పుడితే ఆ ఎర్రర్ ఊసే ఉండదు. సెమికోలన్ మరిచిపోతే మాత్రం ఏ ప్రాసెసరూ పూడ్చలేదు కనుక, వాటిని నడపకుండానే ఆగి చెప్పేస్తుంది. తీరే తప్పునూ తీరని తప్పునూ ముందే విడదీసే ఈ వివేకమంటే నాకు గౌరవం.

చిక్కు ప్రాసెసరే ఎర్రర్ ఇచ్చినప్పుడు వస్తుంది. ఒక్క బైండింగ్ లేకపోతే డాగర్ ఆ కాంపొనెంట్‌ను పుట్టించదు. దాంతో పక్కన పెట్టిన ఎర్రర్లన్నీ ఒక్కసారి బయటపడతాయి. కంపైలర్ మామూలుగా 100 ఎర్రర్ల దగ్గర ఆపేస్తుంది గనక అసలు కారణం ఆ హద్దు అవతలే ఉండిపోవచ్చు. కొత్తవాళ్లు ఇంపోర్టులు మార్చుకుంటూ పూటంతా పోగొట్టుకుంటారు. 'ఎక్స్‌మ్యాక్స్‌ఎర్స్' ఆప్షన్‌తో ఆ హద్దు పెంచండి. 'సింబల్ దొరకలేదు' వరసలను దాటుకుంటూ వెళ్లి, వేరే మాట చెప్పే వరసను పట్టుకోండి.

అలాంటి వరస ఒక్కటీ లేకపోతే ప్రాసెసర్ అసలు నడిచిందా అని చూడండి. 2024లో వచ్చిన జేడీకే 23 నుంచి ప్రాసెసర్ క్లాస్‌పాత్‌లో ఉంటే చాలదు, ప్రాసెసింగ్ కావాలని విడిగా చెప్పాలి.

ప్రాసెసర్లు రాసేవాళ్లకు ఒక విన్నపం. లోపం కనబడితే ఎక్సెప్షన్ విసరకండి. మెసేజర్‌కు ఎర్రర్‌తో పాటు ఆ ఎలిమెంట్‌నూ ఇవ్వండి, వాడేవాళ్లకు ఫైలూ లైన్ నంబరూ కనబడతాయి. మీ ప్రాసెసర్ లోపల ఏముందో వాళ్లకు తెలియదు. వాళ్లకు దారి చూపేది మీరు రాసే ఆ ఒక్క వాక్యమే, దాన్ని కోడ్ రాసినంత శ్రద్ధగా రాయండి.